విదేశీ సైటులో కొన్న ఎంబ్రాయిడరీ ఫ్రేములు పనికిరానివి వచ్చాయి, ఆధార్ ఫొటో కూడా ఇచ్చేశాను. విశాఖలో కేసు వేయొచ్చా?

సూదీదారం, మద్దిలపాలెం

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదివి మీకు తెలిసింది చెప్పండి.

నాకు మద్దిలపాలెంలో ఇంట్లోనే టైలరింగ్ షాపు. రెండేళ్ల కిందట లోను తీసుకుని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొన్నాను. జాకెట్ల వర్క్ అంతా దాని మీదే, నేనే నడుపుకుంటాను, సాయానికి మా ఆడపడుచు కూతురు వస్తుంది. పట్టు ముక్కని మామూలు ఫ్రేములో బిగిస్తే చుట్టూ గుండ్రంగా నలిగిన గుర్తు పడిపోతుంది, ఇస్త్రీ చేసినా పోదు, పెళ్లివాళ్లు అది చూసి డబ్బులు తగ్గించి ఇస్తారు. అదే మాగ్నెట్ ఫ్రేము అయితే బిగించే పని లేదు, పైనొకటి కిందొకటి అయస్కాంతాలు బట్టని పట్టుకుంటాయి, గుర్తు పడదు. డాబా గార్డెన్స్‌లోనూ పూర్ణా మార్కెట్ వైపూ అడిగాను, నా మెషిన్‌కి సరిపోయేవి లేవన్నారు.

అలా వెతుకుతున్న రోజుల్లోనే ఫోన్లో ఒక రీల్ వచ్చింది. ఒకావిడ శుభ్రంగా తెలుగులో చెప్తోంది, జర్మనీ కంపెనీ అని, తన కోడ్ కొడితే పది శాతం తగ్గుతుందని. సైటులోకి వెళ్తే ధరలన్నీ రూపాయల్లోనే ఉన్నాయి, ఇండియాకి డెలివరీ ఉచితం అని పైన రాసి ఉంది. మూడు సైజుల సెట్టు 14,860 రూపాయలు. డిసెంబరు 9న కార్డుతో కట్టాను. ఓటీపీ కూడా అడగలేదు, నంబరు కొట్టగానే కట్ అయిపోయింది. వారం పోయాక వాట్సాప్‌లో మెసేజ్: కస్టమ్స్ కేవైసీ కావాలి, ఆధార్ రెండు వైపులా, పాన్ కార్డు ఫొటో పంపండి అని. పంపేశాను.

జనవరి 3న పార్సెల్ వచ్చింది. బూడిద రంగు ప్లాస్టిక్ కవరు, చుట్టూ టేపు, పంపిన అడ్రసు చైనాది. లోపల మూడు కాదు, రెండే ఉన్నాయి. పల్చటి ప్లాస్టిక్ ఫ్రేములకి నాలుగు మూలల్లో చిన్న అయస్కాంతం బిళ్లలు జిగురుతో అతికించారు, కవర్లోంచి తీస్తుంటేనే ఒకటి ఊడి నా చేతిలోకి వచ్చింది. మెషిన్‌కి తగిలించే బ్రాకెట్ నా మోడల్‌ది కానే కాదు.

మెయిల్ పెడితే, వస్తువు మీరే ఉంచుకోండి 15 శాతం వెనక్కి ఇస్తాం అన్నారు. ఒప్పుకోకపోతే 30 శాతం అన్నారు. మొత్తం కావాలంటే చైనాకి మీ ఖర్చుతో తిప్పి పంపండి అంటున్నారు. కొరియర్ ఆఫీసులో అడిగితే అయిదు వేల పైనే అవుతుందన్నారు.

అక్కడితో పోలేదు. మొన్న 23న కార్డులో 2,499 కట్ అయింది. పాత స్టేట్‌మెంట్ తీసి చూస్తే డిసెంబరు 23న కూడా అంతే కట్ అయింది. అడిగితే ప్రీమియం మెంబర్‌షిప్ అట. నేనెప్పుడూ చేరలేదు. నిన్న సాయంత్రం ఒకడు ఫోన్ చేసి కస్టమ్స్ నుంచి అన్నాడు, నా పేరు, ఆర్డర్ నంబరు, ఫ్రేముల సైజులు, ఆధార్ చివరి నాలుగు అంకెలు అన్నీ వరసగా చదివాడు. తప్పుడు డిక్లరేషన్ ఇచ్చావు, 6,300 యూపీఐలో వెంటనే కట్టు, లేకపోతే ఇంటికి మనుషులొస్తారు అన్నాడు. కట్టడానికి ఫోన్ తీశాను కూడా, మా అమ్మాయి లాక్కుంది. రాత్రంతా నిద్ర లేదు.

నాకు తెలియాల్సింది మూడు. డబ్బు వస్తుందా? సైటు ఎక్కడో ఉంటే ఇక్కడ విశాఖలో కేసు వేయడం కుదురుతుందా? ఆ ఆధార్, పాన్ వాళ్ల దగ్గరుండిపోయాయి కదా, ఇప్పుడేం చేయాలి?

బీచ్ రోడ్ వాకర్

అమ్మా, మీకు బాధ కలిగించాలని కాదు గానీ, నా మాట విని వదిలేయండి. నాకూ ఇలాగే బూట్లు కొంటే వేరే రంగువి, వేరే సైజువి వచ్చాయి, మూడు వేలు. నాలుగు నెలలు మెయిళ్లు రాశాను, చివరికి ఆ సైటే కనపడకుండా పోయింది. చైనాలో ఉన్నవాడిని విశాఖ కోర్టు ఏం పట్టుకుంటుంది? కార్డు బ్లాక్ చేయించుకుని మీ పని మీరు చూసుకోండి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార

పైన చెప్పిన ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ సలహాతో ఏకీభవించను. ముప్పై ఏళ్ల పైన బ్యాంకులో చేశాను, చివర్లో కార్డుల ఫిర్యాదులే చూశాను. ఇలా వదిలేసినవాళ్ల డబ్బే పోయింది, గడువులో రాసిచ్చినవాళ్లలో చాలామందికి తిరిగి వచ్చింది.

అమ్మా, ఇది చదవగానే, రేపటి దాకా ఆగకుండా, కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి ఆ 2,499 నేను అనుమతించలేదని చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఎందుకు తొందర పెడుతున్నానంటే, 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎవరో చేసిన అనధికార లావాదేవీని బ్యాంకు మెసేజ్ వచ్చిన దగ్గర నుంచి మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీ మీద బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత మీ నెత్తిన పడుతుంది, మామూలు సేవింగ్స్ ఖాతాకైతే గరిష్ఠంగా 10,000. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మెసేజ్ వచ్చిన రోజుని లెక్కలోకి తీసుకోరు. మీకు కట్ అయింది 23న. 24 నాలుగో శనివారం, 25 ఆదివారం, 26 రిపబ్లిక్ డే, మూడూ సెలవులే. అంటే మీ మూడు పనిదినాలు 27న మొదలై 29తో అయిపోతాయి. గడువులోనే ఉన్నారు. డిసెంబరుది మాత్రం ఏడు రోజులు దాటింది, అయినా రెండూ కలిపే రాయండి. ఫిర్యాదు ఇచ్చిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యే వాటికి ముందు ఒకసారి ఓటీపీతో మీరు అనుమతి ఇచ్చి ఉండాలి, ప్రతిసారీ కట్ కావడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఈ రెండూ మీకు రాలేదు కదా, ఫారంలో ఆ మాటే రాయండి. మన దేశంలోని షాపు అయితే ఓటీపీ లేకుండా కార్డు పని చేయదు, బయటి దేశం మర్చంటు అడగకపోతే అది లేకుండానే పోతుంది, మీ 14,860 అలాగే పోయింది. మన దేశంలోని సైట్లు 2022 అక్టోబరు నుంచి కార్డు నంబరు దాచుకోవడానికి లేదు, విదేశీ సైట్ల దగ్గర మాత్రం అది అలాగే ఉండిపోవచ్చు. అందుకని ఈ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి, వచ్చాక యాప్‌లో ఇంటర్నేషనల్ అన్న స్విచ్ ఆఫ్‌లో ఉంచండి.

ఇక అసలు 14,860 సంగతి వేరు. అది మీరే కట్టారు కాబట్టి అనధికారం కింద రాదు. అలాంటి డబ్బుని బ్యాంకు ద్వారా అమ్మినవాడి నుంచి వెనక్కి రప్పించడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు, ఫారంలో "వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదు" అన్న కారణం పెట్టాలి. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుల దగ్గర దీనికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, బ్యాంకులు లోపల ఇంకా తక్కువ పెట్టుకుంటాయి, కాబట్టి ఈ వారమే ఇవ్వండి. డెబిట్ కార్డుకీ ఇది ఉంది. బ్రాంచిలో కొత్తగా వచ్చిన పిల్లలు క్రెడిట్ కార్డుకే అంటారు, ఒప్పుకోకండి.

ఇక్కడ చాలామంది ఓడిపోయేది ఒక్క దగ్గరే. వస్తువు తిప్పి పంపడానికి ప్రయత్నించారా అని అవతలి బ్యాంకు, అంటే అమ్మినవాడి బ్యాంకు, అడుగుతుంది. సైటుకి ఇంకో మెయిల్ పెట్టండి: వస్తువు తిప్పి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, మీరు పంపింది ఆర్డర్ ఇచ్చినది కాదు, అడ్రసు, ఖర్చు కట్టిన లేబుల్ పంపండి, ఇన్ని రోజుల్లో పంపకపోతే బ్యాంకులో వివాదం వేస్తాను అని. వాళ్లు కాదన్న జవాబే మీకు ఆధారం. ఆ 30 శాతం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోవద్దు, తీసుకుంటే రాజీ పడ్డారని చూపిస్తారు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, అడ్డగోలుగా తిరస్కరించినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. దానికి ఖర్చు లేదు.

క్లియరింగ్ పని, గాజువాక

అక్కా, నేను పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. మాది కంటెయినర్ల పనే గానీ కొరియర్ పార్సెళ్లు కూడా తెలుసు. ఒక్కటి అడుగుతాను, ఆ బూడిద కవరు పారేయలేదు కదా? దాని మీద అంటించిన తెల్ల లేబుల్ ఒకటి ఉంటుంది, వస్తువు ఏంటి, విలువ ఎంత అని. దగ్గరి నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మీ పేరు, అడ్రసు, నంబరు కనపడకుండా.

ఆ కస్టమ్స్ ఫోన్ నూటికి నూరు పాళ్లు మోసం. కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి యూపీఐలో కట్టమనరు. నిజంగా వాళ్ల నుంచి ఉత్తరమో నోటీసో వస్తే దాని మీద డిన్ అనే నంబరు ఉంటుంది, దాన్ని కస్టమ్స్ వాళ్ల పై బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది. డ్యూటీ ఏమైనా ఉంటే కొరియర్ వాళ్లు రసీదుతో తీసుకుంటారు, పార్సెల్ ఇంటికి చేరిన మూడు వారాలకి ఎవడో ఫోన్ చేసి అడిగేది ఉండదు.

కేవైసీ అడగడం మాత్రం అబద్ధం కాదు, విదేశం నుంచి కొరియర్ వస్తే గుర్తింపు పత్రం ఇవ్వాలి. కానీ అది అమ్మినవాడికి ఇచ్చేది కాదు. కొరియర్ కంపెనీ సొంత సైటులో, మీ ట్రాకింగ్ నంబరు కొట్టి, మీరే అప్‌లోడ్ చేసేది. ఆధారే ఇవ్వాలని కూడా లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో సరిపోతుంది.

సూదీదారం, మద్దిలపాలెం

తమ్ముడూ, కవరు ఉంది, బాబిన్లు పెట్టుకునే డబ్బా కింద పడేశాను. ఇప్పుడే తీసి చూశాను. లేబుల్ మీద గిఫ్ట్ అన్న గడిలో టిక్కు ఉంది. వస్తువు పేరు దగ్గర ప్లాస్టిక్ రింగ్ అని, విలువ 8 డాలర్లు అని ఉంది. దీని అర్థమేంటి? నాకేమైనా ఇబ్బందా?

క్లియరింగ్ పని, గాజువాక

అదే అనుకున్నాను అక్కా. ఆ కాగితం పోగొట్టుకోవద్దు. 14,860 తీసుకున్నవాడే తన చేత్తో దాని విలువ 8 డాలర్లు అని రాశాడు. మాగ్నెట్ ఫ్రేమ్ సెట్టు అని అమ్మి ప్లాస్టిక్ రింగ్ అని రాశాడు. బ్యాంకు ఫారానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇబ్బంది సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కస్టమ్స్ లెక్కలో దిగుమతిదారు అంటే పంపినవాడు కాదు, తెప్పించుకున్నవాళ్లు. గిఫ్ట్ అని రాసి డ్యూటీ తప్పించుకోవడం ఇదివరకు బాగా జరిగేది, అందుకే 2019 డిసెంబరులో పోస్టులో, కొరియర్లో గిఫ్ట్ పేరుతో డ్యూటీ కట్టకుండా తెప్పించుకోవడాన్ని ఆపేశారు, రాఖీలకి, ప్రాణాలు కాపాడే మందులకి మాత్రమే మినహాయింపు. మీరు అలా రాయమనలేదు, మీరు కట్టిన అసలు ధర స్టేట్‌మెంట్‌లో ఉంది. నాకు తెలియకుండా తప్పు డిక్లరేషన్ రాశారు అని సైటుకి పెట్టే మెయిల్‌లోనే ఒక వాక్యం రాసేయండి, రికార్డులో ఉంటుంది. ఇంకోసారి ఎవరైనా, డ్యూటీ తక్కువ పడేలా రాస్తాం అంటే వద్దని చెప్పండి.

వకీలు, అక్కయ్యపాలెం

నేను వినియోగదారుల కమిషన్ ముందు కేసులు వాదిస్తాను. మీ రెండో ప్రశ్నకి నా జవాబు: వేయొచ్చు, విశాఖలోనే వేయొచ్చు.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టంలో 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. పాత చట్టంలో అమ్మినవాడు ఉన్న ఊరికో, లావాదేవీ జరిగిన చోటికో పరిగెత్తాల్సి వచ్చేది. మీరు కట్టింది 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే చాలు, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు, వీడియోలో హాజరు కావడానికి కూడా అడగొచ్చు. రెండేళ్ల గడువు ఉంది. సైటు నిబంధనల్లో వివాదాలన్నీ ఫలానా దేశంలో ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే, అని రాసి ఉంటుంది, దాన్ని చూసి బెదరకండి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సైటు బయటి దేశానిది కదా అంటారా, 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇండియాలో ఆఫీసు లేకపోయినా ఇక్కడివాళ్లకి క్రమపద్ధతిలో అమ్మేవాళ్లకి కూడా వర్తిస్తాయని అందులోనే రాసి ఉంది. రూపాయల్లో ధర, ఇండియాకి డెలివరీ, తెలుగులో రీల్, ఇంతకంటే క్రమపద్ధతి ఏముంటుంది? ఆ నిబంధనల కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడితో అంగీకారం తీసుకోకూడదు. మీ మెంబర్‌షిప్ బహుశా అలాంటి గడిలోంచే వచ్చి ఉంటుంది. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాళ్లని మాయచేసే సైటు డిజైన్ల, మీద వచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయలు నిషేధించారు, బుట్టలో మనకు తెలియకుండా వస్తువు వేయడం ఒకటి, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు ఇంకొకటి.

మీ కేసులో అవతలివాళ్లు పట్టుకునేది ఒకటుంది. మీరు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారు కాదంటారు. దానికి జవాబు చట్టంలోనే ఉంది: స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందకి రాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైపు మిషను, ఆటో ఉదాహరణలు చెప్పి మరీ వివరించింది, ఒకరిద్దరి సాయం తీసుకున్నా పరవాలేదంది, తాను ముట్టుకోకుండా పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపిస్తేనే కుదరదంది. మీరే నడుపుతారు, మేనకోడలు సాయం చేస్తుంది. ఫిర్యాదు మొదటి పేరాలోనే ఇది రాయండి, తర్వాత చెబుదాంలే అని వదిలేస్తే అక్కడే కేసు పోతుంది.

ఇంత చెప్పాక, బీచ్ రోడ్ వాకర్ గారు అన్నదాంట్లో నిజం ఉన్న భాగం కూడా ఒప్పుకోవాలి. కమిషన్ నుంచి ఆర్డరు తెచ్చుకోవడం వేరు, డబ్బు రాబట్టుకోవడం వేరు. ఆర్డరు పాటించకపోతే ఇక్కడైతే 72వ సెక్షన్ కింద జైలు దాకా వెళ్తుంది, ఆస్తి జప్తు చేయించొచ్చు. ఆ కంపెనీకి ఈ దేశంలో ఆస్తి, మనిషి, ఖాతా ఏదీ లేకపోతే ఆ ఆర్డరు కాగితంగానే ఉంటుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లని మొదట అడిగేది ఇదే, ఈ లావాదేవీలో ఇండియాలో ఉన్నది ఎవరు అని. మీ విషయంలో ముగ్గురు కనపడుతున్నారు. ఒకటి మీ బ్యాంకు, న్యాయమైన ఫిర్యాదుని కారణం చెప్పకుండా తోసేస్తే సేవాలోపం కింద దాన్ని కూడా ప్రతివాదిగా చేర్చొచ్చు. రెండు, డెలివరీ చేసిన కొరియర్. మీ వివరాలు వాళ్ల దగ్గర నుంచి బయటికి వెళ్లాయని తేలితేనే వాళ్ల జోలికి, ఊరికే చేర్చొద్దు. మూడు, తెలుగులో రీల్ చేసిన ఆవిడ. డబ్బు తీసుకుని, సరిచూసుకోకుండా తప్పుడు ప్రకటన చేసినవాళ్ల మీద కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. దానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు, 17వ సెక్షన్ ప్రకారం జిల్లా కలెక్టరుకి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కోడ్ కనపడేలా ఆ రీల్‌ని స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి, ఇలాంటివి రాత్రికి రాత్రే తీసేస్తారు.

కేసుకి ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఈకన్స్యూమర్ డాట్ గవ్ అని వేరే దేశాల వినియోగదారుల సంస్థలు కలిసి 2001 నుంచి నడుపుతున్న సైటు ఒకటుంది, అక్కడ కూడా నమోదు చేయండి. అది మీ ఒక్కరి కేసు పరిష్కరించదు, అదే సైటు మీద పదిచోట్ల నుంచి ఫిర్యాదులొస్తే అక్కడి అధికారులకి కనపడుతుంది.

రుషికొండ ఐటీ

అక్కా, మూడో ప్రశ్నకి నేను చెప్తాను, డేటా ప్రైవసీ పనే మాది.

ముందు ఇంట్లో చేసేవి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసేయండి, వేలిముద్రతో ఎవరూ ఏమీ చేయలేరు. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కనపడుతుంది, మీది కానిది ఉంటే అక్కడే నొక్కి చెప్పొచ్చు. పాన్ కూడా వెళ్లింది కాబట్టి మీ పేరు మీద లోన్లు తీసే ప్రమాదం ఉంది, మీ పేరు మీదున్న లోన్ల చిట్టా, అంటే క్రెడిట్ రిపోర్టు, ఏడాదికి ఒకసారి ఒక్కో సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది, ఇప్పుడొకటి తీయండి, మూడు నాలుగు నెలలాగి వేరే సంస్థ దగ్గర ఇంకొకటి తీయండి. ఆ ఫోన్ గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి, డబ్బు పోకపోయినా చెప్పాలి. ఇకమీదట ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఫొటో మీద అడ్డంగా ఏ పనికి, ఏ తేదీన, ఎవరికి ఇస్తున్నారో రాయండి.

ఇప్పుడు చట్టం. మన డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. బయటి దేశంలో కూర్చుని ఇండియాలోని మనుషులకి వస్తువులు అమ్ముతూ వాళ్ల వివరాలు వాడుకునేవాళ్లకి కూడా అది వర్తిస్తుంది, 3వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. వివరాలు జాగ్రత్తగా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా. చదవడానికి బాగుంటుంది, నాకు కూడా మొదట చాలా ఆశ కలిగింది. కానీ నిబంధనలు 2025 నవంబరులో గానీ రాలేదు, అసలు బాధ్యతలన్నీ పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. వచ్చాక కూడా జరిమానా ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది, నష్టపోయిన మనిషికి పైసా ఇప్పించే వీలు ఆ చట్టం కింద విచారించే డేటా రక్షణ బోర్డుకి లేదు. ఇప్పటిదాకా నష్టపరిహారం అడిగే దారి ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ ఒకటుంది, కార్డు వివరాల్లాంటి సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యం చేసిన కంపెనీ మీద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు అడగొచ్చు, కొత్త చట్టం పూర్తిగా అమలైన రోజున ఆ సెక్షన్ కూడా తీసేస్తున్నారు. మీలాంటివాళ్ల రాత్రి నిద్రకి విలువ కట్టే వాక్యం ఒక్కటి కూడా కొత్త చట్టంలో లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

ఇంకొకటి. సైటువాడు జర్మనీ అన్నాడు కదా, నేను అడుగున వెతకమంటాను. జర్మనీలో వ్యాపార సైటుకి ఇంప్రెసుమ్ అనే పేజీ ఉండాలి, కంపెనీ పూర్తి పేరు, అడ్రసు, రిజిస్టరు నంబరుతో. అది లేకపోతే జర్మనీ అన్నది అనుమానించాల్సిందే. ఉండి, నిజమే అయితే మీకు బలం వచ్చినట్టే, ఎందుకంటే యూరప్‌లో ఉన్న కంపెనీ ఎవరి వివరాలు వాడినా, ఆ మనిషి మద్దిలపాలెంలో ఉన్నా, వాళ్ల డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తిస్తుంది. నా గురించి ఏమేం ఉంచుకున్నారు, ఎవరెవరికి ఇచ్చారు, ఆధార్, పాన్ ఫొటోలు చెరిపేయండి అని ఒక మెయిల్ పెడితే నెల లోపల జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అక్కడి డేటా అధికారులకి మీరే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చైనాలో కూడా 2021 నవంబరు నుంచి ఇలాంటి చట్టం ఉంది గానీ ఇక్కడి నుంచి దాన్ని కదిలించడం మీ వల్ల అయ్యే పని కాదు, దాని కోసం టైము పెట్టకండి.

సూదీదారం, మద్దిలపాలెం

అందరికీ దండం. రెండు రోజుల్లో చేసినవి చెప్తాను.

ఆదివారం రాత్రే బ్యాంకుకి ఫోన్ చేశాను, కార్డు బ్లాక్ అయింది, ఫిర్యాదు నంబరు వచ్చింది. ఇవాళ 27, బ్రాంచికి వెళ్తే కౌంటర్లో అమ్మాయి డెబిట్ కార్డుకి చార్జ్‌బ్యాక్ ఉండదంది, సీతమ్మధార బాబాయిగారు చెప్పినట్టే. ఉంటుందమ్మా, మీ పైవాళ్లని అడగండి అన్నాను, లోపలికి వెళ్లి వచ్చి ఫారం ఇచ్చింది. 14,860కి ఒకటి, రెండు 2,499లకి కలిపి ఒకటి ఇచ్చాను. ఊడిపోయిన అయస్కాంతం బిళ్లని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీశాను, సైటులో వాళ్లు చూపించిన బొమ్మ, లేబుల్ ఫొటో జత చేశాను. లేబుల్ చూసి ఆ అమ్మాయే, ఎనిమిది డాలర్లేనా ఆంటీ అంది.

సైటుకి మెయిల్ మా అమ్మాయి రాసిపెట్టింది. వెంటనే 50 శాతం ఇస్తామని జవాబొచ్చింది. ఒప్పుకోలేదు. ఇంప్రెసుమ్ పేజీ వెతికాం, లేదు, ఒక మెయిల్ అడ్రసు తప్ప ఏమీ లేదు. రీల్ రికార్డు చేసుకున్నాం. వకీలు గారూ, కలెక్టరాఫీసులో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆవిడ పేరు నాకు తెలియదు, అకౌంటు పేరే తెలుసు, అది సరిపోతుందా? ఆవిడని చూస్తే కూడా మాలాంటి మనిషిలానే ఉంది, ఆవిడకీ తెలిసి ఉండకపోవచ్చు, అందుకని మనసు కొంచెం పీకుతోంది.

వకీలు, అక్కయ్యపాలెం

అకౌంటు పేరు, లింకు, రికార్డింగ్, మీరు చూసిన తేదీ సరిపోతాయి, మనిషిని కనుక్కోవడం వాళ్ల పని. మీకు మనసు ఒప్పకపోతే ముందు ఆవిడకే ఒక మెసేజ్ పెట్టండి, నాకు వచ్చిన వస్తువు ఇదీ అని ఫొటోతో సహా. నిజంగా తెలియనిదైతే రీల్ తీసేస్తుంది, తనకి డబ్బిచ్చినవాళ్ల వివరాలు కూడా చెప్పొచ్చు, అవి మనకి ఆ సైటు కంటే ఎక్కువ పనికొస్తాయి. వారం చూసి జవాబు లేకపోతే ఫిర్యాదు ఇవ్వండి.

బీచ్ రోడ్ వాకర్

అమ్మా, వదిలేయమన్నందుకు ఏమీ అనుకోకండి. నాకు ఈ గడువుల సంగతి తెలియదు. నా బూట్లది ఏడాది పైన అయింది, ఇంక బ్యాంకులో కుదరదు కదా బాబాయిగారూ?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార

ఏడాది దాటితే చార్జ్‌బ్యాక్ కుదరదు నాయనా. రెండేళ్లు కాలేదు కాబట్టి కమిషన్‌లో గడువు ఉంది గానీ, సైటే మూసుకుపోయిందన్నారు, వకీలు గారిని అడిగి చూడండి.

అమ్మా, మంచి పని చేశారు. ఒక్క జాగ్రత్త. పది పనిదినాల్లో ఆ 2,499లు ఖాతాలో పడితే వచ్చేశాయని ఖర్చు పెట్టకండి. అది తాత్కాలిక జమ, అవతలివాళ్ల వాదన నెగ్గితే వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఖాతాలో లేకపోతే మీ లోను కిస్తీ బౌన్స్ అవుతుంది. బ్యాంకు నుంచి ఇంకా కాగితాలు కావాలని మెసేజ్ వస్తే దానికీ గడువుంటుంది, వచ్చిన రోజే ఇక్కడ పెట్టండి, ఏం రాయాలో కలిసి చూద్దాం.